ఈత నిషేధించిన సరస్సులో తెడ్డు పట్టుకొని

టెక్సాస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్ నగరం నడిబొడ్డున, ముప్పై నలభై అంతస్తుల భవనాలను ఆనుకొని లేడీ బర్డ్ లేక్ అనే పొడవాటి సరస్సు ఉంది. అందులో ఈత కొట్టడాన్ని 1964లోనే నిషేధించారు. అయినా వాతావరణం బాగున్న ఏ శనివారం ఉదయం చూసినా కయాక్, కనో అనే చిన్న తెడ్డు పడవలలోనూ, సన్నని పందెపు పడవలలోనూ, వెడల్పాటి పలకల మీద నిలబడి తెడ్డు వేసుకుంటూనూ ఎంతోమంది ఆ నీటి మీద కనిపిస్తారు. పలక మీద నిలబడి సాగే ఆ చివరి పద్ధతినే స్టాండప్ పాడిల్‌బోర్డింగ్ అంటారు. ఆస్టిన్ శివారు సెడార్ పార్కులో ఉంటున్న మా తమ్ముడి ఇంటికి ఏప్రిల్ నెలలో వెళ్ళినప్పుడు, కాలేజీలో చదువుతున్న మా మేనకోడలు నాకు ఇది నేర్పించాలని ముందే నిర్ణయించుకొని కూర్చుంది. ఈత నిషిద్ధమైన చోట నీళ్ళలో పడిపోతే ఏమవుతుందని అడిగితే, “పడితే తప్పు లేదత్తా, కావాలని దూకితేనే జరిమానా” అని తేల్చేసింది.

సరస్సు అని పిలుస్తున్నా, నిజానికి అది కొలరాడో నదిలో ఒక భాగం. గ్రాండ్ కేన్యన్ గుండా ప్రవహించే కొలరాడో వేరు, టెక్సాస్‌లోనే పుట్టి టెక్సాస్‌లోనే సముద్రంలో కలిసే ఈ కొలరాడో వేరు. ఊరికి తూర్పున 1960లో లాంగ్‌హార్న్ ఆనకట్ట కట్టి, కొత్తగా వస్తున్న విద్యుత్ కేంద్రాన్ని చల్లబరచడానికి నీటిని నిలిపారు. మొదట టౌన్ లేక్ అన్నారు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్ జాన్సన్ 1970లలో నగర మేయరుతో కలిసి పాడుబడి ఉన్న దాని గట్ల మీద చెట్లు నాటించే పనిని నడిపించారు. తన పేరు పెడతామంటే ఆమె ఒప్పుకోలేదు. 2007 జులైలో ఆమె కన్నుమూసిన తరువాతనే నగరపాలక మండలి ఆ పేరును ఖాయం చేసింది. నేర్చుకొనేవారికి ఈ చరిత్రలో అసలు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది: ఈ నీటిలో పెట్రోలు ఇంజన్ల పడవలను సాధారణంగా అనుమతించరు. ఒకప్పుడు ఇక్కడ హోరెత్తించే మోటారు పడవల పందాలు జరిగేవి. తూర్పు ఒడ్డున నివసించే మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు 1970లలో గట్టిగా పోరాడి వాటిని మాన్పించాయి. పలక మీద వణుకుతూ నిలబడిన కొత్తవాడికి మోటారు పడవ లేపే అలకు మించిన శత్రువు లేదు కనుక, ఇప్పుడు నేర్చుకొంటున్నవారంతా ఆ కుటుంబాలకు ఋణపడి ఉన్నారనే నా అభిప్రాయం.

దక్షిణపు ఒడ్డున జిల్కర్ పార్కు దగ్గర బోర్డులు అద్దెకిచ్చే చోటికి మేము పనిరోజున, పొద్దున్నే వెళ్ళాము. శనాదివారాలలో అక్కడ కారు నిలపడానికే ఓపిక ఖర్చయిపోతుందని మా తమ్ముడు ముందే హెచ్చరించాడు. నాకు ఇచ్చిన బోర్డు పది అడుగుల ఆరు అంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు ఉంది. కొత్తవారికి వెడల్పే ముఖ్యం. సన్నని బోర్డు వేగంగా పోతుంది గాని, నిలకడ నేర్వని కాళ్ళకు ఆ వేగంతో పని లేదు. గట్టి బోర్డులు కొన్ని, గాలి నింపేవి కొన్ని ఉన్నాయి. గాలి నింపేవి మెత్తగా ఉంటాయేమోనని అనుమానించాను గాని, 12 నుంచి 15 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడికి కొలత) దాకా గాలి కొట్టిన తరువాత తట్టి చూస్తే చెక్క తలుపును తట్టినట్టే ఉంది. బోర్డు అడుగున వెనుక వైపు ఉండే ఫిన్ అనే చిన్న రెక్క లేకపోతే బోర్డు తిన్నగా పోదు. అమెరికా తీరరక్షక దళం 2008లో ఈ బోర్డులను కూడా పడవల కోవలోకే చేర్చింది. అందువల్ల మనిషికొక లైఫ్‌జాకెట్ తప్పనిసరి. టెక్సాస్‌లో 13 ఏళ్ళ లోపు పిల్లలైతే దానిని ఒంటి మీద వేసుకొనే ఉండాలి. పెద్దవాళ్ళు బోర్డుకు కట్టి ఉంచుకోవచ్చునట. నేను మాత్రం మొదటి నుంచీ వేసుకొనే ఉన్నాను. గోదావరి గట్టున పుట్టినదానిని కనుక నీటి మీద నాకు ప్రేమ ఎంత ఉందో, భయమూ అంతే ఉంది.

నేర్పించే అమ్మాయి మమ్మల్ని చాలాసేపు ఒడ్డునే నిలబెట్టింది. తెడ్డు పొడవు మన ఎత్తు కంటె ఎనిమిది అంగుళాలు ఎక్కువ ఉండేలా సర్దుకోవాలి. తెడ్డు చివర వెడల్పాటి భాగం కాడ నుంచి కొద్దిగా వంగి ఉంటుంది. ఆ వంపు మన వైపు తిరిగి ఉండడమే సరైనదని చూసినవారందరికీ అనిపిస్తుంది, ఎందుకంటే నీటిని దోసిలి పట్టి లాగుతున్నట్టు కనిపిస్తుంది. సరైనది దానికి పూర్తిగా వ్యతిరేకం: వంపు ముందుకు, అంటే బోర్డు ముక్కు వైపుకు ఉండాలి. అలా ఉంటేనే తెడ్డు నీటిలో నిలువుగా దిగి, లాగినంతసేపూ నిలువుగానే ఉంటుంది. తిరగేసి పట్టుకుంటే చివరికి వచ్చేసరికి నీటిని పైకి ఎత్తిపోస్తుంది, బోర్డు ముందుకు పోవలసింది పోయి కిందికి అణుగుతుంది. ఆ తరువాత సరస్సు మీద నేను ఎక్కువగా గమనించిన పొరపాటు ఇదే. ఏళ్ళ తరబడి తెడ్డును తలకిందులుగా పట్టుకొని ఆనందంగా తిరుగుతున్న పెద్దమనుషులు ఉన్నారని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

మోకాలి లోతు నీటిలో బోర్డును ఆపి, మధ్యన ఉన్న పిడికి అటూ ఇటూ మోకాళ్ళు ఆనించి ఎక్కాలి. ఆ పిడి ఉన్న చోటే బోర్డు బరువు సరితూగే బిందువు కనుక, చేసే పనంతా దాని చుట్టూనే జరగాలి. మోకాళ్ళ మీదే ఉండి కొంత దూరం తెడ్డు వేసిన తరువాత, మోకాళ్ళు ఉన్న చోటికి పాదాలను ఒకటొకటిగా తెచ్చి, ముందు పిరుదులు, ఆ పైన తల లేపుతూ నిలబడాలి. నిలబడ్డాక కళ్ళు పాదాల మీదికి పోకుండా చూసుకోవడం అన్నిటికంటె కష్టం. చూపు దూరంగా ఉంటేనే ఒళ్ళు సర్దుకుంటుంది. మోకాళ్ళు బిగుసుకోకూడదు. పల్లెవెలుగు బస్సులో కమ్మీ పట్టుకోకుండా టికెట్లు కొట్టే కండక్టరు ఎలా నిలబడతాడో, అచ్చంగా అలాగే నిలబడాలి: కదలిక నడుము కిందే, పైన ఏమీ జరగనట్టు. ఇంకొకటి, ఆగిపోయిన బోర్డు కంటె కదులుతున్న బోర్డు స్థిరంగా ఉంటుంది. తూలినప్పుడు తెడ్డును గాలిలోకి ఎత్తకుండా నీటిలోకి దించితే అదే మూడో కాలుగా పనిచేస్తుంది.

నిలబడడం వచ్చిన వెంటనే ఆ అమ్మాయి మా చేత కావాలనే పడిపోయే అభ్యాసం చేయించాలనుకుంది గాని, నిషేధం గుర్తుకు తెచ్చుకొని, ఒడ్డు దగ్గర లోతులేని చోట ఎలా పడాలో మాటలతోనే చెప్పింది. బోర్డుకు దూరంగా, వెల్లకిలాగానో పక్కకో చదునుగా పడాలి. తలకిందులుగా ఎన్నడూ పడకూడదు, ఎందుకంటే అడుగున ఏముందో కనబడదు. తిరిగి ఎక్కేటప్పుడు వెనుక నుంచి పాకకుండా, బోర్డు నడిమికి వచ్చి, పిడి పట్టుకొని, కాళ్ళను వెనక్కి తేల్చి తపతపా కొడుతూ పొట్ట మీద పైకి జారాలి. చేతుల బలం కంటె కాళ్ళ దెబ్బే మనిషిని పైకి చేరుస్తుంది. ఈ పాఠం నాకు ఆ ఉదయమే ఉపయోగపడింది. నీరు నేను అనుకున్నంత చల్లగా లేదు.

ఇక్కడి దాకా చెప్పినదంతా ఒక్క పూటలో ఒంటబడుతుంది. నగర మధ్యంలోని నీటి మీద అసలు నేర్చుకోవలసింది ఆ తరువాతే మొదలవుతుంది, అది మన ఒంటికి సంబంధించినది కాదు, చుట్టూ ఉన్నవారికి సంబంధించినది. ఈ సరస్సు మీద రాకపోకలకు ఒక వరుస ఉంది: కుడి ఒడ్డును పట్టుకొనే పోవాలి. జీవితమంతా ఎడమ పక్కన నడిచిన మనవాళ్ళకు ఖాళీ నీరు చూడగానే కాళ్ళూ చేతులూ ఎడమకే లాగుతాయి. అక్కడ పందెపు పడవల వాళ్ళు పొద్దున్నే సాధన చేస్తుంటారు. ఆ పడవ నడిపేవారు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ఎనిమిది మంది లాగే పెద్ద పడవలో దారి చూపడానికి ఒక మనిషి ఉంటాడు గాని, ఒంటరిగా లాగేవాడు అప్పుడప్పుడు మెడ తిప్పి చూసుకోవలసిందే. అంత పొడవైన పడవ వేగంగా వస్తూ చటుక్కున ఆగలేదు, చటుక్కున మళ్ళనూ లేదు. కాబట్టి తప్పుకోవలసిన బాధ్యత, చట్టం ఎలా ఉన్నా, కళ్ళు ముందున్న మనదే. వంతెనల స్తంభాల దగ్గర ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ అందరి దారీ ఇరుకవుతుంది. ఒక శిక్షకుడు లాంచీలోంచి మైకులో అరిచింది నన్ను కాదని తెలిసేదాకా నా తెడ్డు ఆగలేదు.

ఇక గాలి. ఆ ఋతువులో ఆస్టిన్‌లో గాలి ఎక్కువగా దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి వీస్తుంది. పొద్దున్నే అద్దంలా ఉన్న నీరు, పది పదకొండు గంటలయ్యేసరికి చిన్న చిన్న ముడతలు పడుతుంది. నిలబడిన మనిషే తెరచాప అవుతాడు కనుక, కయాక్‌లో కూర్చున్నవాడికి తెలియని గాలి కూడా పలక మీదివాడిని నెట్టుకుపోతుంది. అందుకే మమ్మల్ని ముందుగా తూర్పుకు, గాలికి ఎదురుగా, లామార్ వంతెన వైపుకు తీసుకుపోయారు. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఎదురు పోయి, అలసిపోయాక గాలితో తిరిగి రావాలన్నది ఇక్కడి నియమం. లామార్ వంతెన, దాని పక్కనే 2001లో పాదచారుల కోసం కట్టిన ఫ్లూగర్ వంతెన దాటగానే ఎత్తయిన భవనాలు మొదలయ్యాయి. వాటి సందుల్లోంచి గాలి ఒక్కసారిగా పక్కనుంచి వచ్చి తాకింది. నిలబడే మొండితనం మాని అందరమూ మోకాళ్ళ మీదికి దిగిపోయాము. మోకాళ్ళ మీద కూర్చుంటే గాలికి చిక్కే ఒళ్ళు తగ్గుతుంది, బరువు కిందికి వస్తుంది. అది కూడా చాలకపోతే బోర్డు మీద బోర్లా పడుకొని చేతులతో నీటిని తోసుకుంటూ రావచ్చు. మా ఊళ్ళో లాంచీ సరంగులు పొద్దున లేవగానే ఆకాశం వైపు, చెట్ల కొనల వైపు చూడడం చిన్నప్పుడు చూశాను గాని, అది నాకెందుకు అక్కర వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మరొక ఉదయం నేనూ, మేనకోడలూ శిక్షకురాలు లేకుండానే జిల్కర్ పక్కన సరస్సులో కలిసే బార్టన్ క్రీక్‌లోకి వెళ్ళాము. కొత్తవారికి ఇంతకంటె మంచి చోటు ఆ నగరంలో నాకు కనబడలేదు. ఎగువనున్న బార్టన్ స్ప్రింగ్స్ ఊటల నీరు ఏడాది పొడవునా 68–70 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 20–21 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. సరస్సులోని ఆకుపచ్చని నీరు ఒక గీత గీసినట్టు ఆగిపోయి, ఆ పైన అడుగున ఉన్న గడ్డి దుబ్బులు కూడా కనిపించేటంత తేట నీరు మొదలవుతుంది. రెండు గట్ల మీదా చెట్లు గాలిని ఆపుతాయి. మునిగిన దుంగల మీద తాబేళ్ళు బారులు తీరి ఎండ కాచుకుంటాయి. ఊట కొలనుకు దిగువనున్న ఆనకట్ట దగ్గర దారి ముగుస్తుంది. అక్కడ మనుషులతో పోటీగా కుక్కలు నీళ్ళలో ఆడుతున్నాయి. ప్రధాన సరస్సు నీటిలో మాత్రం 2019 నుంచి వేసవిలో విషపూరితమైన నాచు పెరుగుతూ వస్తోంది. ఆ ఏడాది కొన్ని కుక్కలు చనిపోయాయి కూడా. అందుకని వెళ్ళే ముందు నగరపాలక సంస్థ ప్రకటన చూసుకోవడం అక్కడివారికి అలవాటయింది.

సాయంత్రం గబ్బిలాలను చూడడానికి వెళ్ళిన సంగతి కొద్దిగానే చెబుతాను, దాని గురించి అందరూ చెబుతారు కనుక. ఈ సరస్సు మీదే ఉన్న కాంగ్రెస్ అవెన్యూ వంతెనను 1980లో పునర్నిర్మించినప్పుడు అడుగున మిగిలిన సన్నని సందులలో మెక్సికన్ ఫ్రీటెయిల్డ్ జాతి గబ్బిలాలు కాపురం పెట్టాయి. నిండు వేసవిలో వాటి సంఖ్య 15 లక్షలకు చేరుతుందని అంచనా. మేము వెళ్ళిన ఏప్రిల్‌లో అంత సందడి లేకపోయినా, వంతెన కింది నుంచి పొగలాగా లేచి తూర్పుకు సాగిపోవడం కనిపించింది. పలక మీదివాళ్ళకు నా సలహా ఒక్కటే: సరిగ్గా వంతెన కిందికి పోవద్దు, అక్కడ తల మీద ఏమి పడుతుందో వివరించనక్కరలేదు. సూర్యాస్తమయం తరువాత నీటి మీద ఉండాలంటే తెల్లని దీపం తప్పనిసరి. చీకట్లో విహారపు పడవలూ, కయాక్‌లూ గుంపుగా చేరే ఆ చోటు నేర్చుకుంటున్నవారికి తగినది కాదని కూడా నాకు అనిపించింది.

తిరుగు ప్రయాణానికి ముందు మా తమ్ముడు కూడా వచ్చాడు. ముగ్గురమూ గాలి లేవకముందే పడమటికి, ఎగువకు బయలుదేరాము. మోపాక్ రహదారి వంతెన దాటగానే నగరం వెనకబడుతుంది; సున్నపురాయి గట్లు పైకి లేస్తాయి, వాటి మీద ధనికుల ఇళ్ళు. సుమారు రెండు మైళ్ళ దూరంలో రెడ్‌బడ్ ఐల్ అనే చిన్న లంక వస్తుంది. 1893లో కట్టిన పాత ఆనకట్ట 1900 ఏప్రిల్‌లో వరదకు తెగిపోయినప్పుడు కొట్టుకువచ్చిన రాతిముక్కలే ఆ లంకకు పునాది. ఆ రాళ్ళు ఇప్పటికీ నీటి అంచున కనిపిస్తాయి. పైన ఉన్న టామ్ మిల్లర్ ఆనకట్ట నుంచి నీరు వదిలితే అక్కడ ప్రవాహం తెలుస్తుంది. బోర్డు మన నుంచి దూరం పోకుండా, నిలకడ నీటిలో కాలికి కట్టుకొనే తాడు చాలు గాని, ప్రవాహమూ, రాళ్ళూ, మునిగిన కొమ్మలూ ఉన్నచోట ఆ తాడు చిక్కుకొంటే మనిషి నీటి కిందే ఉండిపోయే ప్రమాదం ఉంది. అలాంటి చోటికి, ఒక్క లాగుతో ఊడివచ్చేలా నడుముకు కట్టుకొనే తాడు కావాలి. మా దగ్గర అది లేదు. “అక్కా, ఇక్కడి దాకా చాలు” అని తమ్ముడు లంక కింది కొసలోనే బోర్డు తిప్పాడు. వెనక్కి వచ్చేటప్పుడు ప్రవాహం తోడైనా, అప్పటికే లేచిన గాలి దానికి ఎదురు నిలిచింది.

ఒడ్డు చేరాక, అద్దె బోర్డులను అప్పగించి నేనూ తమ్ముడూ ఒడ్డున కూర్చున్నాము. మేనకోడలు తన సొంత బోర్డులోని గాలి తీసి, ఫిన్ ఊడదీసి, మడతల్లోని నీటిని ఒక గుడ్డతో తుడుస్తూ నిలబడింది. అక్కడి సరస్సుల్లో జీబ్రా మస్సెల్ అనే చిన్న గుల్లజీవి వ్యాపించింది. కంటికి కనబడని దాని పిల్లలు ఒక చెరువు నీటితో మరొక చెరువుకు పోకుండా, పడవ ఏదైనా సరే నీరంతా కార్చి ఆరబెట్టుకొనే పోవాలని టెక్సాస్‌లో నియమం. వచ్చే వారం ఆమె స్నేహితులతో వేరే సరస్సుకు వెళ్తుందట. “రెండో వైపు నువ్వు పట్టుకో అత్తా” అని ఒక పొడి గుడ్డ నా మీదికి విసిరింది.