కుడిచేతికి సిమెంటు కట్టు, ఎదురుగా పుస్తకాల బల్ల

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో పగలు కరిగిన మంచునీరు రాత్రికి రాత్రి గడ్డకట్టి, కాలిబాట మీద గాజుపలకలా పరుచుకుంటుంది. జారిన మనిషి పడబోతూ అరచెయ్యి నేలకు ఆనిస్తాడు. విరిగేది మణికట్టు. సొంతంగా కామిక్స్ గీసి, అచ్చువేయించి, అమ్ముకునేవాళ్లకు ఇది అన్నిటికన్నా చెడ్డ సమయం. న్యూయార్క్‌లో చిత్రకారుల సంఘం సొసైటీ ఆఫ్ ఇలస్ట్రేటర్స్ నడిపే మోకా ఫెస్టివల్, అంటే కామిక్స్ వేసేవాళ్లు బల్లలు వేసుకుని పుస్తకాలు అమ్ముకునే పండగ, వసంతంలోనే వస్తుంది. కట్టు విప్పే రోజుకీ బల్ల దగ్గర కూర్చునే రోజుకీ మధ్య ఎడం చాలా తక్కువ.

ముందు చెయ్యి సంగతి. వాపు ఎక్కకముందే ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి. ఎముక చర్మాన్ని చీల్చుకు వచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా ఎమర్జెన్సీకే పోవాలి. అవేవీ లేకపోతే సాధారణంగా అర్జెంట్ కేర్ (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్) చాలు, ఖర్చూ తక్కువే. కాకపోతే వెళ్లేముందు ఫోన్ చేసి రెండు విషయాలు అడగాలి: అక్కడ ఎక్స్‌రే ఉందా, మన ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నారా? డాక్టరుతో "కుడిచేత్తో గీస్తాను, అదే నా పని" అని మొదటి మాటగానే చెప్పండి. ఏ కట్టు వెయ్యాలి, ప్లేటు, స్క్రూలతో ఆపరేషన్ అవసరమా అన్న నిర్ణయంలో ఆ మాటకు విలువుంది. బొటనవేలి మొదట్లో ఉండే చిన్న గుంటలో నొక్కితే నొప్పి పుడితే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకను అనుమానించాలి. అది విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. అందుకే కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీస్తారు. "ఎక్స్‌రే బాగానే ఉందన్నారు" అని ఆ రెండో అపాయింట్‌మెంట్ మానేసి గీతకు కూర్చున్నవాళ్లకు ఎముక అతకకుండా మిగిలిపోయే ప్రమాదముంది.

మామూలు మణికట్టు విరుపుకి కట్టు ఆరు వారాల దాకా ఉంటుంది. ఆ వారాల్లో పుస్తకం ప్రచారం ఆపాల్సిన పని లేదు, బొమ్మ గీసిస్తామన్న మాటలు ఆపాలి. ఈ రెండిటినీ విడదీయలేకే చాలామంది చేతిని పాడుచేసుకుంటారు. కిక్‌స్టార్టర్ (పాఠకుల దగ్గర ముందే డబ్బు పోగుచేసే సైటు) ప్రచారం నడుస్తుంటే, డబ్బిచ్చినవాళ్లకు గీసిస్తామన్న స్కెచ్ రివార్డు సంగతి మొదటి వారంలోనే తేల్చాలి. ఎవరైనా అప్పటికే తీసుకున్న రివార్డు వివరణను ఆ సైటు మార్చనివ్వదు. సంఖ్యకు పరిమితి పెట్టి, కొత్తవాళ్లు తీసుకోకుండా మాత్రం ఆపొచ్చు. తీసుకున్నవాళ్లకు మూడు దారులు చూపించండి: ఆలస్యంగా స్కెచ్, దాని బదులు పాత పెన్సిల్ పేజీ, లేదా డబ్బు వాపసు. ఈ వరసలోనే అడగడానికి కారణముంది. 60 డాలర్ల రివార్డు మీద సైటు రుసుము 5 శాతం అంటే 3 డాలర్లు, కార్డు ఖర్చు 3 శాతం, పైన 20 సెంట్లు అంటే మరో 2 డాలర్లు ముందే కోత పడతాయి. గడువు ముగిసి డబ్బు చేతికొచ్చాక మొత్తం వాపసిస్తే ఆ 5 డాలర్లు మన జేబులోంచి పోతాయి. ఒరిజినల్ పేజీలు సాధారణంగా 11x17 అంగుళాల బోర్డు మీద ఉంటాయి కాబట్టి పంపేటప్పుడు మడవకుండా రెండు గట్టి అట్టల మధ్య పెట్టాలి.

ఫెస్టివల్ బల్ల దగ్గర అసలు శత్రువు బరువు. షార్ట్ బాక్స్ (కామిక్స్ పెట్టే అట్టపెట్టె) నిండా కామిక్స్ పెడితే 10 కిలోలు దాటుతుంది, దాన్ని ఒంటిచేత్తో ఎత్తితే నడుము కూడా పోతుంది. నలభయ్యేసి పుస్తకాల చిన్న డబ్బాలు కట్టి, చక్రాల ట్రాలీ మీద తీసుకెళ్లండి. బల్ల సర్దడం ఇంట్లో ఒకసారి ఎడమచేత్తో చేసి చూడాలి. స్క్రూ బిగించే బ్యానర్ స్టాండు ఒంటిచేత్తో నిలబడదని అక్కడికెళ్లాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. ధరలు 10, 20 డాలర్లుగా, పన్ను కలిపి పెట్టి, పన్ను కలిసిందని బోర్డు మీద రాస్తే చిల్లర వెతుక్కునే పని తప్పుతుంది. న్యూయార్క్‌లో అమ్మడానికి సేల్స్ టాక్స్ సర్టిఫికెట్ కావాలి, అమ్మకం మొదలయ్యే 20 రోజుల ముందే దరఖాస్తు చెయ్యాలి. ఆసుపత్రి గొడవలో మరిచిపోయే కాగితం ఇదే.

సాయానికి మనవాళ్లలో ఎవరినో పిలవడం సహజం. కానీ ఇక్కడ వీసా అడ్డొస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చెయ్యకూడదు, సొంత వ్యాపారానికి కూడా. ఎఫ్-1 విద్యార్థులు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చెయ్యకూడదు. "డబ్బులు తీసుకోలేదు కదా" అన్న సమాధానం అన్నివేళలా నిలవదు. వచ్చిన తమ్ముడు డబ్బాలు మోసి, భోజనం తెచ్చిపెట్టడం వేరు, నిలబడి అమ్మి డబ్బు పుచ్చుకోవడం వేరు. అమ్మకానికి గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనో, పని అనుమతి ఉన్న హెచ్-4 వాళ్లనో కూర్చోబెట్టండి. కామిక్స్ వేస్తున్న మనిషి వీసాకీ ఇదే లెక్క. అనుమానముంటే బల్ల బుక్ చెయ్యకముందే ఇమిగ్రేషన్ లాయరును అడగాలి.

సంతకాలకు మంచి ఉపాయం మన ఊళ్లలోనే ఉంది: ఎడమ బొటనవేలి ముద్ర. రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లే ముద్ర పుస్తకం మీద ఎందుకు చెల్లదు? పాఠకులు దాన్ని సంతకం కన్నా అపురూపంగా దాచుకోవచ్చు. నున్నటి ఆర్ట్ పేపరు మీద స్టాంప్ ప్యాడ్ సిరా ఆరక అంటుకుపోతుంది. కోటింగ్ లేని కాగితం మీద ముద్రలు ముందే వేసి, ఆరాక లోపలి అట్టకు అతికించాలి. మధ్యాహ్నానికి చెయ్యి వాచకుండా మోచేతి కింద దిండు పెట్టి, మణికట్టు గుండెకన్నా ఎత్తులో ఉంచి, గంటకోసారి వేళ్లు ముడిచి చాపాలి.

మిగతా ప్రచారమంతా నోటితో అయ్యేదే. 2025 జనవరిలో షాపులకు కామిక్స్ సరఫరా చేసే పెద్ద కంపెనీ డైమండ్ కామిక్ డిస్ట్రిబ్యూటర్స్ దివాలా రక్షణకు వెళ్లాక, చిన్న ప్రచురణకర్తలు కామిక్స్ షాపులకు నేరుగా ఫోన్ చెయ్యడం ఇంకా అవసరమైంది. మంగళ, బుధవారాలు కొత్త సరుకు సర్దే హడావిడి, గురువారం చెయ్యండి. ధరలో 40 నుంచి 50 శాతం షాపుకి వదలాల్సి ఉంటుంది. తెలుగు పుస్తకమైతే మనబడి (అమెరికాలో పిల్లలకు తెలుగు నేర్పే బడి) తరగతుల్లో పిల్లలకు రెండు పేజీలు చదివి వినిపించడం మేలైన ప్రచారమని మా నమ్మకం. ఆ తెలుగు అక్షరాలను పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పెట్టేటప్పుడు వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. మౌసు ఎడమచేతికి మారిన తొందరలో ఈ పొరపాటు అచ్చుకు వెళ్లిపోవచ్చు.

పార్సిళ్లకు టేపు గన్ను పక్కనపెట్టి, అంచుకే జిగురున్న అట్ట కవర్లు కొనండి. ప్రకటనలు లేని పుస్తకం, అమెరికా తపాలా శాఖ పుస్తకాలకు ఇచ్చే తక్కువ రేటు మీడియా మెయిల్‌లో చవగ్గా వెళ్తుంది. వెనక పేజీలో వేరే వ్యాపారం ప్రకటన వేస్తే ఆ సౌకర్యం పోతుంది.

కట్టు విప్పిన రోజు మణికట్టు కర్రలా బిగుసుకుని ఉంటుంది. హ్యాండ్ థెరపిస్టు దగ్గరికి రిఫరల్, ఇన్సూరెన్స్ అనుమతి ముందే తీసి ఉంచితే సమయం కలిసొస్తుంది. గీత పది నిమిషాలతో మొదలుపెట్టాలి. పెన్సిలుకు లావుపాటి ఫోమ్ గొట్టం తొడిగి, పెద్ద కాగితం మీద భుజం కదిలేలా గీయండి. సన్నని పాళీతో ఇంకింగ్ చివర్న. బాకీపడ్డ స్కెచ్‌లు రోజుకు రెండే. ఒక గుర్తు మాత్రం మరవొద్దు: ఎముక కదలకుండా చిన్నగా చిట్లిన మణికట్టులో కూడా, కొన్ని వారాల తర్వాత బొటనవేలిని ఎత్తే నరంలాంటి తాడు (టెండన్) రాపిడికి అరిగి తెగిపోవచ్చు. పెద్ద నొప్పేమీ లేకుండానే, బల్ల మీద అరచెయ్యి బోర్లా పెడితే బొటనవేలు పైకి లేవదు. అలా జరిగితే ఆ రోజే సర్జన్‌కు ఫోన్ చెయ్యాలి.