ఏడడుగులేశాక ఎనిమిదోది ఏమైంది

తెనాలిలో ఎనిమిదేళ్ళు హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెప్పిన నేను ఇక్కడ డబ్లిన్లో, లూకన్ వైపు ఒక ప్రైమరీ స్కూల్లో ఎస్ఎన్ఏగా చేస్తున్నా. అంటే స్పెషల్ నీడ్స్ అసిస్టెంట్. సాయం కావాల్సిన పిల్లల పక్కన కూర్చోవడం, కోటు జిప్ పెట్టడం, వానలో యార్డ్ డ్యూటీ, ఇదీ పని. పాఠం చెప్పడం మన పని కాదు, ఇక్కడ ప్రైమరీ టీచర్‌గా పూర్తి రిజిస్ట్రేషన్ కావాలంటే ఐరిష్ భాష కూడా రావాలి, నాకేమో పది దాకా లెక్కపెట్టడమే తడబాటు. ఏడేళ్ళ పిల్లలు పేరు పెట్టి పిలుస్తారు, మొదట్లో ఎవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేదాన్ని.

మార్చి 1 నుంచి 17 దాకా, అంటే సెయింట్ పాట్రిక్స్ డే వరకు, స్కూళ్ళలో ఐరిష్ భాషా వారోత్సవం. పేరుకే వారం, రెండు వారాలు దాటుతుంది, మన పెళ్ళిళ్ళలాగే. దానికోసం సెకండ్ క్లాస్ పిల్లలకి టీచర్ 'వాల్స్ ఆఫ్ లిమరిక్' అనే కేలీ డాన్స్, అంటే గుంపుగా చేసే ఐరిష్ జానపద డాన్స్, నేర్పడం మొదలుపెట్టింది, అదీ మ్యాథ్స్ పీరియడ్లో! 2023లో వచ్చిన కొత్త మ్యాథ్స్ కరిక్యులమ్‌లో చిన్న పిల్లలకే అల్జీబ్రా ఉంది, అల్జీబ్రా అంటే ఎక్స్ వై కాదు, ప్యాటర్న్ పట్టుకోవడం, డాన్స్ నిండా ఉండేవి అవే.

ఈ డాన్స్‌లో పక్కకి జరిగే స్టెప్పుని సెవెన్స్ అంటారు, ఏడు అడుగులు. వెంటనే రెండు త్రీస్, మూడు మూడు. టీచర్ బోర్డు మీద 7+3+3 అని రాసింది, అందరూ పదమూడు అని అరిచారు, కానీ ఈ డాన్స్‌కి వాడే రీల్ అనే రకం ట్యూన్ పెట్టి చప్పట్లతో లెక్కపెడితే పదహారు వస్తోంది. మూడు ఎక్కడికి పోయాయి అంటుంది ఆవిడ. చెప్పులు మార్చుకునేవాళ్ళు, కిటికీ బయట చూసేవాళ్ళు, అందరూ ఆగిపోయారు.

నిజం చెప్పాలంటే నాకూ తెలీలేదు. చిన్నప్పుడు నాలుగేళ్ళు కూచిపూడి నేర్చుకున్నా కదా, ఏడు అనగానే చెవి మిశ్రంలోకి, అంటే ఏడు లెక్కల నడకలోకి వెళ్ళిపోయింది, తకిట తకధిమి, ఏడు అయిపోగానే ఠక్కున తర్వాతి అడుగు వేసేశా. లైన్ మొత్తంలో నేనొక్కదాన్నే ముందుకెళ్ళి పక్క పాప కాలు తొక్కాను. అది నన్ను జాలిగా చూసి "యూ హ్యావ్ టు వెయిట్" అంది.

వెయిట్. అదే. ఏడో అడుగు తర్వాత ఎనిమిదో లెక్క ఉంది, కాలు మాత్రం కదలదు. ప్రతి మూడు తర్వాతా నాలుగోది అంతే. ఏడూ ఒకటీ, మూడూ ఒకటీ, మూడూ ఒకటీ, లెక్క పదహారు. పాటలో నాలుగు లెక్కలకి ఒక బార్, అంటే అది నాలుగు బార్లు, ఎడమవైపు మళ్ళీ చేస్తే ఎనిమిది, అలాంటి ఎనిమిదులు నాలుగు కలిస్తే 32 బార్లు, అక్కడికి డాన్స్ ఒక రౌండు పూర్తయి ప్రతి జంటకీ ఎదురుగా కొత్త జంట వస్తుంది. ట్యూన్ కూడా అంతే, మొదటి ముక్క రెండుసార్లు, రెండో ముక్క రెండుసార్లు. టీచర్ ఎర్ర క్యూబులు, నీలం క్యూబులు వరసగా పేర్పించింది. జిగ్ అనే వేరే రకం ట్యూన్ అయితే ఇంకో గొడవ, బార్‌కి రెండు తకిటలు, అంటే రెండు మూడ్లు, స్లిప్ జిగ్‌కి మూడు. మూడో ఎక్కం అక్కడ ఊరికే వచ్చేస్తుంది.

నేను చూసుకునే బాబుకి మాత్రం ఆ ఆగడమే రాలేదు. చప్పుడు లేని చోట వాడికి భయం, ఆపకుండా కొడుతూనే ఉంటాడు. పాఠం చెప్పడం నా పని కాదని తెలిసి కూడా, వాడి డెస్క్ మీద నా చెయ్యి పెట్టి ఎనిమిది లెక్కల ఆది తాళం వేశా. దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, అరచెయ్యి తిప్పు, దెబ్బ, మళ్ళీ తిప్పు. ఎనిమిదోది తిప్పడమే కదా, చప్పుడుండదు కానీ చెయ్యికి ఓ పని ఉంటుంది. వాడు వేళ్ళ గోలంతా వదిలేసి ఏడు కొట్టి ఎనిమిదికి మాత్రం చెయ్యి తిప్పాడు. మళ్ళీ. మళ్ళీ. ఇరవైసార్లు.

ప్రోగ్రాం రోజు హాల్లో వాడు డాన్స్ చెయ్యలేదు, నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. వరసలో పిల్లలు ఏడు వేసి ఆగినప్పుడల్లా వాడి అరచెయ్యి పైకి తిరిగేది, ఒక పాప అది చూసి నవ్వి తనూ తిప్పింది, అక్కణ్ణుంచి పక్క పిల్లాడు. టీచర్ నావైపు చూసి, ఇదెక్కడిది అన్నట్టు కనుబొమ్మలెగరేసింది.