అరగంటకోసారి

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

కొత్త ల్యాప్‌టాప్ కొని ఐదు రోజులైంది. ఏదైనా తేడా ఉంటే ఏడు రోజుల్లోపు తెచ్చివ్వమన్నారు షాపువాళ్లు. అంటే ఎల్లుండి దాకే గడువు. అందుకే ఇవాళ పొద్దున్నే వంట ముగించుకుని, దీని సంగతి ఎలాగైనా తేల్చాలని కూర్చున్నాను.

ఇది మా ఇంటి వైఫైలో నిలవడం లేదు. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తెగిపోతుంది. పది పదిహేను సెకన్లకు తనంతట తానే మళ్లీ కలుస్తుంది. మామూలుగా ఏదో చదువుకుంటుంటే ఆ పది సెకన్లు తెలియవు కూడా. కానీ నాకు సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు ఆన్‌లైన్‌లో అకౌంట్స్ క్లాసు ఉంటుంది. బుధవారం తరుగుదల లెక్క సగంలో ఉండగా తెగింది. మళ్లీ కలిసేసరికి "మేడమ్, ఎక్కడో ఆగిపోయారు, మళ్లీ చెప్తారా" అని ఒకేసారి నలుగురు. ఊళ్లలో ఉండి, మొబైల్ డేటా ఖర్చు పెట్టుకుని వినే పిల్లలు వాళ్లు. వాళ్ల ముందు అలా మాయమైపోవడం నాకు చాలా బాధనిపించింది.

నెట్ కనెక్షన్ అబ్బాయి వచ్చి చూసి లైన్ బాగుందన్నాడు. షాపులో అడిగితే "రూటర్ పాతది మేడమ్, మార్చెయ్యండి" అన్నారు. మార్చొచ్చు, పెద్ద ఖర్చేం కాదు. కానీ ఈ రూటర్ 2013లో తమ్ముడు డల్లాస్ వెళ్లినప్పుడు పెట్టించింది. మొదటిసారి వీడియో కాల్‌లో వాడు కనిపించిన రోజు అమ్మ చీర కొంగుతో స్క్రీన్ తుడిచి మరీ చూసింది. రూటర్ మీద కప్పిన క్రోషా గుడ్డ అమ్మ అల్లిందే. ఆవిడ పోయి నాలుగేళ్లు. నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువును కారణం తెలియకుండా తీసి అవతల పెట్టడానికి నాకు మనసొప్పలేదు. పైగా తప్పు ల్యాప్‌టాప్‌లోనే ఉంటే? రూటర్ మార్చి చూసేలోపు గడువు దాటిపోతుంది.

ముందు తప్పు ఎటువైపుందో చూద్దామనుకున్నాను. నిన్న రెండు గంటలు ల్యాప్‌టాప్‌ను నా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి ఉంచాను. ఒక్కసారి కూడా తెగలేదు. ఇటు చూస్తే నా ఫోన్, నాన్న ఫోన్, పాత ల్యాప్‌టాప్ అన్నీ ఇదే రూటర్‌తో హాయిగా నడుస్తున్నాయి. విడివిడిగా ఇద్దరూ మంచివాళ్లే, కలిపితేనే పడటం లేదు. దూరం వల్లనేమోనని రూటర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నా అంతే. వైఫై డ్రైవర్, అంటే ల్యాప్‌టాప్‌లో వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, కొత్తది వేసినా అంతే. రూటర్ ముట్టుకుంటే వెచ్చగా తగిలితే ఆ గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టాను. దానివల్లా తేడా రాలేదు.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 192.168.1.1కి పింగ్ పెట్టాను. అది మన రూటర్ చిరునామా. ల్యాప్‌టాప్ సెకనుకోసారి రూటర్‌ను పలకరిస్తుంది, అది పలికితే ఒక లైను పడుతుంది. రెండు మిల్లీసెకన్లు, మూడు మిల్లీసెకన్లు అని వరుసగా జవాబులు వచ్చి, ఉన్నట్టుండి "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". అంటే బయట లైనుకూ దీనికీ సంబంధం లేదు. ఈ గదిలో, రూటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్యనే తెగుతోంది. ఆ అబ్బాయి చెప్పింది నిజమే.

నాన్న వెనక కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్నాడు. "ఎన్నింటికి పోయింది?" అన్నాడు.

"చూడలేదు నాన్నా, ఇప్పుడే."

"టైము రాసిపెట్టకుంటే ఎట్ల తెలుస్తది బిడ్డా" అని లేచి, పాత డైరీ, పెన్సిలు తెచ్చుకుని స్క్రీన్ ముందు కూర్చున్నాడు.

నాన్న స్టేషన్ మాస్టర్‌గా రిటైరయ్యాడు. నెక్కొండ, మహబూబాబాద్, డోర్నకల్, చివరికి కాజీపేట. ఎక్కడ పనిచేసినా ఏ బండికి ఎన్నింటికి లైన్ క్లియర్ (పక్క స్టేషన్ అడిగితే బండిని పంపొచ్చని ఇచ్చే జవాబు) ఇచ్చారు, ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది అంతా ట్రైన్ సిగ్నల్ రిజిస్టర్‌లోకి ఎక్కాల్సిందే. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. పాలవాడు వచ్చిన టైము కూడా క్యాలెండర్ మీద ఉంటుంది.

10.07. 10.37. 11.07. నాన్న మూడో అంకె రాసి పెన్సిలు కింద పెట్టాడు. "సరిగ్గ అరగంటకోసారి" అన్నాడు. 11.37కి ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. పోయింది.

ఐదు రోజులుగా ఇది ఎప్పుడు పడితే అప్పుడు పోతోందనే అనుకున్నాను. నేను వాడుతున్నప్పుడు పోయినవే నాకు తెలిశాయి. పక్కన పెట్టినప్పుడు పోయినవి ఎవరు చూశారు?

అయినా మనసులో ఇంకో అనుమానం ఉండింది, చుట్టుపక్కల వైఫైల గోల. మా రూటర్‌కు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే ఉంది. అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోదగ్గ చానెళ్లు 1, 6, 11 మాత్రమే. ఫోన్‌లో చూస్తే పక్కిళ్లవి ఆరు వైఫైలు, మాదీ, అన్నీ 6వ చానెల్‌లోనే. పాత ల్యాప్‌టాప్‌కు వైరు పెట్టి (కొత్తదానికి ఆ రంధ్రమే లేదు) రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి 11కి మార్చాను. 11.50కి రూటర్ ఆగి మళ్లీ మొదలైంది. స్పీడు కొంచెం పెరిగింది. కానీ 12.20కి తెగింది. 12.50కి మళ్లీ.

నాన్న ఆ రెండు అంకెల కింద గీత గీశాడు. పొద్దుటి లెక్కన 12.07కు, 12.37కు పోవాలి. పోలేదు. రూటర్ మొదలైన నిమిషం నుంచి లెక్క మళ్లీ మొదలైంది. అంటే ఆ గడియారం ల్యాప్‌టాప్‌లో లేదు, రూటర్‌లో ఉంది. నాకు ఒళ్లు జలదరించింది.

అన్నం తిని వచ్చి రూటర్ సెట్టింగులు ఒక్కో పేజీ చదువుకుంటూ పోయాను. సెక్యూరిటీ పేజీలో చివరి వరస: గ్రూప్ కీ మార్చే వ్యవధి, 1800 సెకన్లు. 1800ను 60తో భాగిస్తే 30. "నాన్నా, దొరికింది" అని గట్టిగా అరిచాను.

నాకు అర్థమైంది ఇది. వైఫైలో ప్రతి పరికరానికీ రూటర్‌తో విడిగా ఒక తాళంచెవి ఉంటుంది. అది కాక రూటర్ అందరికీ కలిపి పంపే సందేశాల కోసం ఉమ్మడి తాళంచెవి ఒకటి. భద్రత కోసం ఈ ఉమ్మడిదాన్ని రూటర్ అప్పుడప్పుడు మార్చి, అందరికీ కొత్తది ఇచ్చి, అందిందని జవాబు అడుగుతుంది. జవాబివ్వని వాళ్లను బయటికి పంపేస్తుంది. మా రూటర్‌లో డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2 అనే పాత, కొత్త భద్రతా పద్ధతులు రెండూ కలిపి పెట్టి ఉంది. అలా కలిపితే ఉమ్మడి తాళం అందరికంటే పాతవాళ్లకు కూడా తెలిసిన టీకేఐపీ పద్ధతిలో ఉంటుంది. టీకేఐపీ 2003 నాటిది. అంతకుముందున్న వెప్ అనే బలహీనమైన పద్ధతికి బదులుగా, ఉన్న పరికరాలనే వాడుకునేలా తాత్కాలికంగా తెచ్చారు. మరుసటి ఏడాదే డబ్ల్యూపీఏ2తో ఏఈఎస్ అనే గట్టి పద్ధతి వచ్చేసింది. 2012 వైఫై ప్రమాణంలో టీకేఐపీని ఇక వాడొద్దన్నారు. పాత ల్యాప్‌టాప్, ఫోన్లు ఎలాగో సర్దుకుంటున్నాయి. కొత్తది మాత్రం ఆ పాత పద్ధతి తాళం మార్పు దగ్గర తడబడుతోంది.

నాన్నకు ఇదంతా చెబితే కాసేపు ఆలోచించి, "అంటే లైన్ క్లియర్ అడిగితే ఇది జవాబియ్యలే, అంతే గద" అన్నాడు. అంతే. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ మాత్రమే అని పెట్టి సేవ్ చేశాను. ఇంకేదీ ముట్టుకోలేదు. 2.20కి రూటర్ మళ్లీ మొదలైంది. ల్యాప్‌టాప్‌లో పాత నెట్‌వర్క్ తీసేసి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టి కలిపాను. 2.50 దాటింది. 3.20, 3.50 కూడా. పింగ్ లైన్లు ఒక్కటి తప్పకుండా పడుతూనే ఉన్నాయి.

నేనైతే అక్కడితో ఆపేసేదాన్ని. నాన్న ఊరుకోలేదు. "మళ్ల పాతదానికి పెట్టి చూడు. అప్పుడు పోతేనే నీ మాట నిజం" అన్నాడు. 4.05కి పాత సెట్టింగు పెట్టాను. 4.35కి తెగింది. అలా తెగినందుకు ఇద్దరం ఎంత సంతోషపడ్డామో! మళ్లీ ఏఈఎస్‌కు మార్చాక ఇప్పటిదాకా తెగలేదు.

ల్యాప్‌టాప్ వాపసు ఇవ్వడం లేదు. రూటర్ గురించి మాత్రం నిజం ఒప్పుకోవాలి. తయారీవాళ్లు దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఎప్పుడో ఆపేశారు. భద్రత కోసమైనా ఎప్పటికో ఒకప్పటికి మార్చక తప్పదు. ఆ రోజు కారణం తెలిసే మారుస్తాను. అమ్మ గుడ్డను మళ్లీ పైన కప్పలేదు, గాలాడాలి కదా. మడతపెట్టి రూటర్ కింద పరిచాను.

రేపు సాయంత్రం ఆరుకు క్లాసు, తరుగుదల లెక్క మొదటి నుంచి. నాన్న డైరీ ఇంకా మూయలేదు, 9.30 ఎదురుగా టిక్కు పెట్టాడు.