కోటింగ్ వేయిస్తే కారుకి గీతలు పడవా?

విజయవాడ ఆటోనగర్ పక్కన మాకో షెడ్డు ఉంది. కార్లకి పాలిష్, సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద పట్టించే రంగులేని సన్నటి రక్షణ పొర), ఫిల్మ్ (పెయింటు మీద అంటించే షీటు) పనులు చేస్తాం. కొత్త కారు తెచ్చినవాళ్ళు ముందు ధర అడుగుతారు, ఆ వెంటనే అడిగేది ఒకటే: "తమ్ముడూ, ఇంత పెడుతున్నాను, ఇక గీతలు పడవుగా?"

పడతాయి. నేనైతే ముందే చెప్పేస్తాను. అది విని పక్క షాపుకి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. వెళ్ళినా సరే. ఏళ్ళ తరబడి జీతంలోంచి వాయిదాలు కట్టి కొనుక్కున్న బండి అది. దాని యజమానికి ఉత్తుత్తి భరోసా అమ్మడం నాకు నచ్చదు. కోటింగ్ పనికిరానిదని మాత్రం అనను, నేనే రోజూ వేస్తున్నాను. అది చేసే పని వేరు, దాని పేరు మీద అమ్ముతున్నది వేరు.

ముందు రేకు మీద ఏముందో చూద్దాం. తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోటు. ఫ్యాక్టరీ పెయింటు మీద మందం కొలిచే మీటరు పెడితే ఇవన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు చూపిస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70. కారు మెరుపంతా వెంట్రుక కంటే సన్నటి పొరలోనే ఉందన్నమాట. ఇక సిరామిక్ కోటింగ్ దాని మీద ఒక మైక్రాన్, మహా అయితే రెండు. తాళంచెవి మొన గాని, బైకు హ్యాండిల్ గాని, గేదె కొమ్ము గాని ఒరుసుకుంటే ఆ ఒక్క మైక్రాన్ ఏం ఆపుతుంది? దాన్నీ, క్లియర్ కోటునీ కలిపి చీల్చుకుంటూ పోతుంది.

మరి 9హెచ్ అంటారు కదా అని అడుగుతారు. కోటింగ్ ఎంత గట్టిదో చెప్పడానికని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ సంఖ్య పెన్సిల్ పరీక్ష నుంచి వచ్చింది. డ్రాయింగ్ పెన్సిళ్ళలో మెత్తటివి బి వైపు, గట్టివి హెచ్ వైపు ఉంటాయి కదా. పెన్సిల్ ములుకు చివర చదునుగా అరగదీసి, 45 డిగ్రీల వాలులో, సుమారు 750 గ్రాముల బరువుతో పొర మీద నెడతారు. ఏ పెన్సిల్ దాకా గాటు పడకుండా ఉంటే ఆ పెన్సిలే ఆ పొర గట్టితనం. 9హెచ్ అంటే పరీక్ష సెట్టులో అన్నిటికంటే గట్టి పెన్సిల్ కూడా దాన్ని గీయలేకపోయింది అని. అంతే. పరీక్షలో వాడింది పెన్సిల్, మన రోడ్ల మీద లేచేది ఇసుక.

చాలామంది ఈ 9ని ఖనిజాల గట్టితనం చెప్పే మోస్ స్కేలులో 9 అనుకుంటారు. అమ్మేవాళ్ళు ఆ అపోహని సరిదిద్దరు. ఆ స్కేలుని జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ మోస్ 1812లో తయారుచేశాడు. అందులో వజ్రం 10, కెంపు, నీలం 9, ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ 7. కిటికీ అద్దం ఐదున్నర దగ్గర ఉంటుంది. కోటింగ్ నిజంగా కెంపంత గట్టిదైతే ఇసుకకి లొంగకూడదు. కానీ అది సిలికాతో చేసిన, అద్దం జాతి పొర. నమ్మకం లేకపోతే మీ కారు ముందు అద్దం చూడండి. కొన్ని మిల్లీమీటర్ల మందమున్న అసలు గాజు అది. వైపరు రబ్బరు కింద ఇసుక రేణువులు చేరి, దాని మీద అర్ధచంద్రాకారంలో గీతలు పెట్టేస్తాయి. ఎదురుగా లారీ లైటు పడినప్పుడు అవి కనబడతాయి. ఆ గాజే తట్టుకోలేనప్పుడు ఒక మైక్రాన్ పొరని ఏం అడుగుతాం?

ఫోన్లో వీడియోలు చూపిస్తారు. బానెట్ మీద లైటరు పెట్టి రుద్దుతాడు, నాణెంతో రుద్దుతాడు, గీత పడదు. అందులో మాయేమీ లేదు. కోటింగ్ వేసిన పొర బాగా జారుతుంది. మొద్దు అంచున్న వస్తువు దాని మీద పట్టు దొరక్క జారిపోతుంది. అదే చోట ఒక ఇసుక రేణువు వేసి పైన గుడ్డతో నొక్కి లాగమనండి.

అసలు గీతల్లో చాలావాటికి మూలం ఆ గుడ్డే. ఎండలో నిలబెట్టి చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు కనబడతాయే, వాటిని మేం స్విర్ల్స్ అంటాం. అవి ఎవరో శత్రువు గీసినవి కావు. ఉదయాన్నే అపార్ట్‌మెంట్లలో ఒక బకెట్టు నీళ్ళు, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడుస్తారు చూడండి, ఆ తుడుపు పెట్టినవి. మొదటి కారు దుమ్ము రెండో కారు మీదికి, రెండో దాని చక్రాల బురద మూడో కారు బానెట్ మీదికి పోతుంది. తుడిచే కుర్రాడిని అనడానికి లేదు. అతనికి ఇచ్చేది ఒక్క బకెట్టు, ఒక్కో బండికి దొరికేది ఐదు నిమిషాలు.

ఉయ్యూరు వైపు నుంచి ఒక పెద్దాయన నల్ల కారు తెచ్చారు. ఏడాది కిందట వేరే చోట కోటింగ్ వేయించారు. "మోసపోయాను బాబూ, చూడు ఎలా అయిపోయిందో" అన్నారు. షెడ్డులో లైటు పెట్టి చూశాను. రెండు రకాల గీతలున్నాయి. తలుపుల మీద ఎడమవైపు పొడుగునా, ఒకే ఎత్తులో, సమాంతరంగా పోయిన గీతలు. అవి కాలవ గట్టు రోడ్డు మీద సర్కారు తుమ్మ కొమ్మలు పెట్టినవి. ఎదురొచ్చే బండికి దారివ్వడానికి పక్కకి దిగిన ప్రతిసారీ పడతాయి. బానెట్ మీదా టాపు మీదా ఉన్నవి గుండ్రటి స్విర్ల్స్. కారు ఎలా తుడుస్తారండీ అని అడిగాను. "డబ్బు పెట్టాం కదా అని రెండు పూటలా తుడవమన్నాను డ్రైవర్ని" అన్నారు. గీతలు పడవన్న మాట నమ్మే ఆయన తుడుపు రెట్టింపు చేయించారు. నాకు కోపం వచ్చింది ఆ మాట చెప్పి అమ్మినవాళ్ళ మీద. కోటింగ్ వేశాక కారుని తక్కువ ముట్టుకోవాలి. దుమ్ము అంత పట్టుకోదు, నీళ్ళు కొడితేనే చాలావరకు దిగిపోతుంది, అందుకే దాన్ని వేసేది. గీతలు తగ్గించే గుణం ఏదైనా ఉందంటే ఇలా తిరుగుదోవలో వచ్చేదే, గట్టితనం వల్ల కాదు.

ఆ కారు బానెట్ మీద మీటరు పెడితే 90 మైక్రాన్ల లోపే చూపించింది. అప్పటికే ఎవరో గట్టిగా బఫింగ్, అంటే మెషీన్ పాలిష్, కొట్టేశారు. పాలిష్ కొట్టిన ప్రతిసారీ క్లియర్ కోటు ఒకటో రెండో మైక్రాన్లు అరుగుతుంది, గట్టి కాంపౌండ్ (గరుకుగా అరగదీసే పేస్టు) వాడితే ఇంకా ఎక్కువ. నాకు పని నేర్పిన మా మేనమామ అంబాసిడర్లకీ ప్రీమియర్ పద్మినీలకీ రంగులు కొట్టినవాడు. ఆ బళ్ళకి క్లియర్ కోటు లేదు. రుద్దితే గుడ్డకి రంగు అంటేది. ఎరుపో నీలమో గుడ్డ మీద కనబడగానే "చాలురా, ఆపు" అనేవాడు. ఇప్పుడు పోయేది రంగులేని పొర కాబట్టి గుడ్డ మీద ఏమీ తెలియదు. కారు మెరుస్తూనే ఉంటుంది. పొర బాగా పల్చబడ్డాక ఒక ఎండాకాలంలో టాపు మీద తెల్లగా పొట్టు రేగుతుంది. ఆ తర్వాత రంగు కొట్టించడమే గతి. పెద్దాయన కారుకి మెత్తటి ప్యాడ్‌తో ఒక్కసారి మాత్రం పాలిష్ పట్టి, కోటింగ్ వేశాను. తలుపుల మీది లోతు గీతలు అలాగే వదిలేశాను. గోరు తగిలే గీతని పూర్తిగా తీయాలంటే చుట్టూ ఉన్న క్లియర్ కోటుని కూడా ఆ లోతుకి దింపాలి. ఆయన ఒప్పుకున్నారు.

కోటింగ్ వేయకముందు కారు, వేశాక కారు అని పక్కపక్కన ఫొటోలు పెడతారు. ఆ తేడా పాలిష్‌ది. కారు కడిగి, క్లే (అంటుకుపోయిన మురికిని లాగేసే మెత్తటి ముద్ద) పట్టించి, పాలిష్ కొట్టి, ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచాక మిగిలిన మెరుపుని కోటింగ్ అలాగే పట్టి ఉంచుతుంది. పాలిష్ సరిగ్గా చేయకుండా వేస్తే గీతల్ని కూడా అలాగే పట్టి ఉంచుతుంది. డెలివరీ రోజు మధ్యాహ్నం తీసుకెళ్ళి సాయంత్రానికి ఇచ్చేసే 'ప్యాకేజీ'ల్లో ఈ పనంతా ఎంత జరుగుతుందో అడిగి చూడండి.

కోటింగ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ. మే నెలలో మన ఎండకి టాపు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు పడిన పక్షి రెట్ట గంటల్లో క్లియర్ కోటులోకి దిగి మచ్చ చేస్తుంది. కోటింగ్ ఉంటే కొంత సమయం దొరుకుతుంది, కడిగితే తేలిగ్గా వదులుతుంది. చెట్టు జిగురు, రోడ్డు తారు, పురుగుల మరకలు కూడా అంతే. రంగు వెలిసిపోవడం కూడా నెమ్మదిస్తుంది. బోరు నీళ్ళ మచ్చల్ని మాత్రం అది ఆపదు. నీళ్ళు బొట్లుబొట్లుగా నిలబడి ఎండితే, సున్నపు ఉప్పు గుండ్రటి మచ్చలుగా మిగులుతుంది. కోటింగ్ ఉన్న కారు మీద ఇంకా స్పష్టంగా కనబడుతుంది. కాబట్టి ఎండలో కడగొద్దు, కడిగాక ఆరనివ్వకుండా నీళ్ళు తీసేయండి. గ్రాఫీన్ అని పేరు మార్చి అమ్ముతున్న కోటింగ్‌లకీ గీతల విషయంలో ఇదే మాట. మందం పెరగనిదే ఏ పేరు పెట్టినా రాయి దెబ్బ ఆపదు.

గీత ఆపాలంటే మందం కావాలి. అది ఫిల్మ్‌లో ఉంది. పీపీఎఫ్ అంటారు, పాలీయురేథేన్ షీటు. దాని మందం 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే కారు మొత్తం పెయింటు కంటే ఎక్కువ. హైవే మీద ముందు లారీ టైరు విసిరే కంకరని అది మింగేస్తుంది. మంచి రకాల్లో పై పొర ఎండ వేడికో వేడినీళ్ళకో మెత్తబడి, సన్న గీతలు వాటంతటవే పూడిపోతాయి. కత్తిగాటు పూడదు. కారంతా వేయించాలంటే ఖర్చు బాగా ఎక్కువ, అంచుల దగ్గర దుమ్ము చేరుతుంది, నాసిరకం అయితే పసుపెక్కుతుంది. అందుకే అందరికీ అది చెప్పను. ముందు బంపరు, బానెట్ ముందు భాగం, అద్దాల వెనక డొప్పలు, తలుపు అంచులు, హ్యాండిల్ కింద గోళ్ళు తగిలే గుంటలు, ఇంతవరకు వేయిస్తే దెబ్బలు ఎక్కువగా పడే చోట్లు కప్పేసినట్టే.

కార్ల కంపెనీలకి కూడా ఈ గీతల బాధ తెలుసు. మెర్సిడెస్ బెంజ్ 2003లోనే సూక్ష్మమైన సిరామిక్ రేణువులు కలిపిన క్లియర్ కోటు తెచ్చింది. నిస్సాన్ 2005లో దానంతటదే సర్దుకునే మెత్తటి, సాగే క్లియర్ కోటు ప్రకటించింది. రెండూ ఫ్యాక్టరీలో కొట్టే పూర్తి మందం క్లియర్ కోట్లే. వాటిని కూడా గీతలు తగ్గిస్తాయనే చెప్పారు తప్ప గీతే పడదని అనలేదు.

కొత్త కారుకి దుర్గమ్మ గుడి దగ్గర పూజ చేయించడం మా దగ్గర తప్పనిసరి. చేయించండి, నేనూ చేయిస్తాను. దండకి తీగ ఉంటే తీయించి దారంతో కట్టమనండి. బొట్టు పెట్టిన చోటుని ఇంటికెళ్ళాక పొడి గుడ్డతో రుద్దకుండా నీళ్ళు పోసి కడగండి. దండ కట్టి అరవై కిలోమీటర్లు పోతే ఆ తీగ బానెట్ మీద ఎంత లోతుగా గీస్తుందో వారం కూడా నిండని కార్ల మీద చూస్తుంటాను. కారు కవరుది కూడా అదే సంగతి. దుమ్ము మీద కప్పితే గాలికి కొట్టుకుంటూ రాత్రంతా రుద్దుతుంది.

కడగడం ఎలాగో పెద్దాయన డ్రైవరుకి చేసి చూపించాను. మొదట గుడ్డ ముట్టుకోకుండా నీళ్ళ ధారతో మట్టంతా దింపాలి. రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో ఉత్త నీళ్ళు. కుచ్చులున్న మైక్రోఫైబర్ తొడుగుతో టాపు నుంచి కిందికి రావాలి, ఒక్కో భాగం అవగానే ఉత్త నీళ్ళలో జాడించి మళ్ళీ షాంపూలో ముంచాలి. చక్రాలకి వేరే గుడ్డ. చేతిలోంచి కింద పడిన గుడ్డ మళ్ళీ కారు మీదికి రాకూడదు. ఆరబెట్టేటప్పుడు మందపాటి టవల్ పరిచి అద్దాలి. వారానికి ఒకసారి చాలు. మధ్యలో దుమ్ము కనబడితే కనబడనివ్వండి.

తెల్ల కారు, ఇంటి దగ్గర నీడ ఉంది, బడ్జెట్ తక్కువ అని వచ్చేవాళ్ళకి నేను కోటింగ్ చెప్పనే చెప్పను. తెలుపు మీద స్విర్ల్స్ పెద్దగా కనబడవు. మూడు నాలుగు నెలలకోసారి స్ప్రే సీలెంట్ (చల్లి తుడిచే రక్షణ ద్రవం) కొట్టుకుంటే సరిపోతుంది. నల్ల కారో ముదురు నీలమో అయి, ఎండలోనే ఆగుతుంటే కోటింగ్ వేయించుకోమంటాను. తరచూ హైదరాబాద్ హైవే మీద తిరిగేవాళ్ళకి ముందువైపు ఫిల్మ్, మిగతా కారుకి కోటింగ్. ఎవరి దగ్గర వేయించినా, పాలిష్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మీటరు పెట్టి మైక్రాన్లు రాసి ఇమ్మనండి. వారంటీ కాగితంలో 'గీతలు' అన్న మాట ఎక్కడుందో, దాని పక్కన ఏం రాశారో డబ్బు కట్టకముందే చదవండి.