బకెట్లకి బెల్టు కట్టాడు, అంతేగా!

రాత్రి భోజనాల దగ్గర ఈయన అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది. అమెరికాలో పిండిమరల తీరే మార్చేసిన ఒలివర్ ఎవాన్స్ గురించి నేను చెబుతుంటే, పెరుగన్నం కలుపుకుంటూ "బకెట్లకి బెల్టు కట్టాడు, అంతేగా!" అని తేల్చేశారు. పెద్దాడు నవ్వాడు కూడా.

అంతేనా? 1780లలో డెలావేర్ రాష్ట్రంలో, రెడ్ క్లే క్రీక్ అనే ఏటి ఒడ్డున, గోధుమలు బండి దిగిన దగ్గర్నుంచి పిండి తయారయ్యేదాకా మనిషి మొయ్యక్కర్లేని మర పెట్టాడు. గింజల్నీ పిండినీ పైకెత్తేది బెల్టుకి కట్టిన ఆ బకెట్లే. అన్నీ నీటి చక్రంతోనే నడిచేవి. వేడివేడి పిండిని పైఅంతస్తులో పరిచి, గీరుతూ చల్లార్చడానికి అంతకుముందు ఒక కుర్రాడు ఉండేవాడు. ఆ పనికీ యంత్రమే.

ఆ చల్లార్చడం దగ్గరే నాకు అమ్మ గుర్తొచ్చింది. మర నుంచి డబ్బా మోసుకొచ్చేసరికి నడుం కాలిపోయేది. దించగానే మూత తీయించి, పాత చీర మీద పిండి పోయించేది. ఆరకుండా డబ్బాకెత్తితే ముక్కిపోతుందని గొడవ. ఫ్యాను వేస్తే తిట్లు. మరాయన కనుబొమలు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి. మా ముందు ఎవరిదో కారం పడితే ఆ పూట రొట్టెలన్నీ ఘాటే. అమ్మ మాత్రం మరాయన్ని ఒక్క మాట అనేది కాదు, మమ్మల్నే అనేది.

ఎక్కడికో వెళ్లాను. అక్కడికి దగ్గర్లోని బ్రాండీవైన్ ఏటి మీది మరల వాళ్లు చూడ్డానికొస్తే, మర దానంతటది ఆడుతోందట, ఎవాన్స్ పొలంలో గడ్డి పనిలో ఉన్నాడట. అయినా వాళ్లకి నచ్చలేదు. ఈయన వాళ్ల వంశమే అనుకున్నాను.

కానీ ఇప్పుడే ఇంకో సంగతి చదివాను. 1790లో తెచ్చుకున్న పేటెంట్ గడువు తీరాక, 1808లో కాంగ్రెస్ చేత, అంటే అమెరికా చట్టసభ చేత, మళ్లీ ఇప్పించుకుని, మరల వాళ్ల మీద ఫీజుల కోసం పడ్డాడు. ఆ గొడవలో 1813లో అమెరికా మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ ఒక ఉత్తరం రాశాడు: గొలుసుకి తొట్లు కట్టి నీళ్లు తోడడం ఎప్పటినుంచో ఉన్నదే, ఇందులో కొత్తేముంది అని. అచ్చం ఈయన మాటే! కోపం సగం దిగిపోయింది. ఆ ఫీజుల పోరు పడినవాళ్లకి ఎవాన్స్ మీద మంట ఉండదూ?

ఊహూఁ, సగమే దిగింది. విడివిడిగా ఉన్నవాటిని ఒక్క మరలో కలిపి ఆడించింది ఇతనే కదా. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ కూడా మౌంట్ వెర్నాన్ అనే తన ఎస్టేట్‌లో మరకి ఇదే పెట్టించుకున్నాడు. పొద్దున టిఫిన్ దగ్గర ఆ మాట అంటాను. జెఫర్సన్ ఉత్తరం సంగతి ఎత్తను.