కవర్‌కి కవరా?

పదకొండున్నర దాటింది. పడుకుందామని రెండుసార్లు లైటు తీసేసి, రెండుసార్లూ మళ్ళీ వేసుకున్నాను. కారణం చెబితే నవ్వుతారు. నిన్న రాత్రి అన్నాల దగ్గర చిన్నది అన్న ఒక్క మాట.

వచ్చే గురువారం వాళ్ళ స్కూల్లో కాఫీహౌస్. కాఫీ ఏమీ ఇవ్వరు, పేరు అంతే. పిల్లలు స్టేజీ ఎక్కి పాడతారు, తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వెనకవాళ్ళకి అడ్డమొస్తారు. ఏం పాడాలో తేలక వారం నుంచీ ఇంట్లో గోల. నేను ఊరుకోవచ్చుగా! "స్వీట్ జేన్ పాడవే, కౌబాయ్ జంకీస్ బ్యాండుది. నీ గొంతుకి బావుంటుంది" అన్నాను.

అది తల కూడా ఎత్తకుండా సాంబారు కలుపుకుంటూ, "అది కవర్ నాన్నా. కవర్‌కి కవర్ ఏం చేస్తాను?" అంది.

కవర్ అంటే ఇంకొకరి పాటని మళ్ళీ పాడటం. నా పాట కవరేంటి?

"నా పాట" అని ఎందుకంటానో మీకు తెలుసు. ఆ బేస్‌మెంట్ చలికాలం గురించి ఇప్పటికే మూడుసార్లు రాశాను. నాలుగోసారి భరించండి.

2010 జనవరి. చిన్నదానికి అప్పుడు పది నెలలు, వాళ్ళమ్మతో తెనాలిలో ఉంది. నేను టొరంటోలో, స్కార్‌బరో వైపు, జాఫ్నా తమిళాయన ఇంటి బేస్‌మెంట్‌లో. పగలు రెజ్యూమెలు పంపడం, రాత్రి ఒక వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలకి టేపు వేయడం. టేప్ గన్ లాగినప్పుడల్లా టర్ర్‌మని మోత. ఎనిమిది గంటలు అదే. ఇంటికొచ్చి పడుకున్నా దిండు కింద నుంచి అదే టర్ర్. షెల్ఫు మీద రంగు మరకలు పడ్డ రేడియో ఒకటుండేది, విరిగిన యాంటెన్నాకి ఎవరో శాండ్‌విచ్ ఫాయిల్ చుట్టారు. ఒకరోజు తెల్లవారుజామున మూడింటప్పుడు అందులోంచి ఒకామె గొంతు. పక్క గదిలో పడుకున్నవాళ్ళు లేవకూడదన్నట్టు, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు. నేను టేప్ గన్ పక్కన పెట్టేశాను. పెట్టి ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. నా వెనక పెట్టెలు పేరుకుపోయాయి.

మా సూపర్‌వైజర్ న్యూఫౌండ్‌లాండ్ మనిషి, అరవై దాటినాయన. ఆయన ఇంగ్లీషు నాకు సగం, నా ఇంగ్లీషు ఆయనకి సగం అర్థమయ్యేవి. తిడతాడనుకున్నాను. రేడియో వైపు గడ్డం చూపించి, "ఇది మన ఊరిదే. ఈటన్ సెంటర్ మాల్ వెనకాల చర్చి లేదూ, అందులో రికార్డు చేశారు" అన్నాడు. పాట పేరు చెబితే అట్టపెట్టె రెక్క చింపి, 'స్వీట్ జేన్ - లేడీ వాయిస్' అని రాసుకుని లంచ్ బ్యాగులో పెట్టుకున్నాను. ఆ అట్టముక్క ఇంకా ఉంది. మా ఆవిడ పారేస్తానంటుంది, నేను తీసి దాస్తాను.

ఆ రికార్డింగ్ కథ తర్వాత చదివి తెలుసుకున్నాను. 1987 నవంబరు 27. హోలీ ట్రినిటీ చర్చి. మధ్యలో ఒకే ఒక్క మైకు. దాని చుట్టూ వాయించేవాళ్ళు, ఎవరి మోత ఎక్కువైతే వాళ్ళు వెనక్కి జరగడం, మళ్ళీ ముందుకి రావడం, గంటలకొద్దీ ఈ సర్దుబాటే. చర్చివాళ్ళు ఒప్పుకోవాలని "మేం టిమ్మిన్స్ ఫ్యామిలీ సింగర్స్, సీబీసీ క్రిస్మస్ ప్రోగ్రాం కోసం రికార్డు చేసుకుంటాం" అని అబద్ధం కూడా ఆడారు. సగం అబద్ధమే లెండి. పాడే మార్గో, గిటారు మైకేల్, డ్రమ్స్ పీటర్ ముగ్గురూ టిమ్మిన్స్‌లే, తోడబుట్టినవాళ్ళే. (మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లోనూ ఒకటే మైకు. కాకపోతే అక్కడ వెనక్కి జరిగే మనిషి ఉండడు.)

ఇంత చరిత్ర ఉన్న నా పాటని పట్టుకుని కవర్ అంటుందా!

అని ఊరుకోలేదు, ఫోన్‌లో ఒరిజినల్ పెట్టింది. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బ్యాండు, 1970, న్యూయార్క్. లూ రీడ్ రాసి పాడింది. ఆయన పాడుతున్నాడో, చుట్టపుచూపుగా వచ్చి కబుర్లు చెబుతున్నాడో నాకు అర్థం కాలేదు. పైగా హుషారు. నా పాటకి హుషారేమిటి? పప్పులో ఎవరో పంచదార వేసినట్టనిపించింది.

అలా ఒప్పుకుంటే ఎలా? రూలు తీశాను. ఇక్కడ రేడియోలో కెనడా పాటలు ఇంత శాతం వేయాలని ఉంది కదా, 1971లో 30తో మొదలుపెట్టి తర్వాత 35కి పెంచారు. ఏది కెనడా పాటో తేల్చడానికి నాలుగు మార్కులు: బాణీ, కళాకారుడు, రికార్డింగ్, సాహిత్యం. నాలుగింటి ఇంగ్లీషు అక్షరాలూ కలిపి మేపుల్ అంటారు. రెండు మార్కులొస్తే పాస్. మార్గో కెనడా మనిషి, చర్చి కెనడాలో ఉంది, రెండు. "ఇది ప్రభుత్వం లెక్కలోనే కెనడా పాట" అన్నాను, టేబుల్ మీద చెయ్యేసి.

"ప్రభుత్వం లెక్కలో 1991లో బ్రయన్ ఆడమ్స్ ఆల్బం కెనడాది కాదు నాన్నా" అంది చిన్నది. నిజమే, ఆయన కెనడావాడే అయినా పాటలు విదేశీయుడితో కలిసి రాశాడని మార్కులు పడలేదు. పెద్ద గొడవై, తర్వాత రూలే సవరించారు. ఇది ఎక్కడ చదివిందో! చదవమన్న కెమిస్ట్రీ మాత్రం చదవదు.

మా ఆవిడ గిన్నెలు తుడుస్తూ, "మరి మీకెన్ని మార్కులొస్తాయి? రాసింది మీ నాన్న, బాణీ మీ అమ్మ" అంది. పాడుతున్నది ఇక్కడే కదా ఒకటి, సిటిజెన్‌షిప్ వచ్చింది కదా రెండు, పాస్ అన్నాను. ఆవిడ అక్కడితో ఆపితే బావుండేది. "2009లో మగధీరకి వెళ్ళి ఇంటర్వెల్‌లో ఏం గొడవ చేశారో గుర్తుందా?" అంది.

గుర్తుంది. బంగారు కోడిపెట్ట రీమిక్స్ రాగానే హాల్లో అందరూ ఈలలు, నేనొక్కణ్ణే ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. పాత పాటని ముట్టుకునే హక్కు వీళ్ళకెవరిచ్చారని పాప్‌కార్న్ లైన్‌లో మా బావమరిదితో వాదించాను. ఘరానా మొగుడికి 1992లో ఆ బాణీ కట్టిందీ కీరవాణే, మగధీరకి రీమిక్స్ చేసిందీ కీరవాణే. ఆయన పాట ఆయన ముట్టుకున్నాడు, మధ్యలో నా హక్కేమిటి? ఈ మాట బావమరిది అప్పుడే అన్నాడు. నేను వినలేదు.

ఇదంతా నిన్న. అక్కడితో అయిపోవాలి. ఇవాళ లంచ్‌లో నా కాళ్ళు నన్ను అడక్కుండానే ఈటన్ సెంటర్ వెనక్కి తీసుకెళ్ళాయి. చర్చి పక్క పార్కులో, నేల మీద సుడులు సుడులుగా తిరిగే దారి ఒకటుంది కదా, దాని గట్టు మీద కూర్చుని పెరుగన్నం డబ్బా తీశాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ గోడల పక్కనే ఆ పాట వినాలని. చెప్పుకుంటే సిగ్గే గానీ, కళ్ళు కూడా మూసుకున్నాను.

పక్క బెంచీ మీద ఒక కుర్రాడు స్పీకర్ పెట్టాడు. ది వీకెండ్ అనే గాయకుడి పాట, బ్లైండింగ్ లైట్స్. వీకెండ్ అంటే నాకు అభిమానమే, మా స్కార్‌బరో మనిషి. కానీ ఇది స్పీడ్ పెంచిన వెర్షను. అసలే పరుగెత్తే పాట, దాన్ని ఇంకా తరమడం ఎందుకు? గొంతు కాస్తా ఉడతది అయిపోయింది. చిన్నప్పుడు టేప్‌రికార్డర్‌లో ప్లే, ఫార్వర్డ్ బటన్లు రెండూ కలిపి నొక్కితే ఇలాగే కిచకిచమనేది. టేపు తెగుతుందని మా నాన్న వీపు విమానం మోత మోగించేవారు. ఇప్పుడా పని మ్యూజిక్ కంపెనీలే చేసి, పేరు పెట్టి మరీ వదులుతున్నాయి. దానికి నెమ్మది వెర్షను కూడా ఉంటుంది, బ్యాటరీ అయిపోయిన వాక్‌మన్ లాగా. రీమిక్స్ అంటే కనీసం ఎవరో కూర్చుని ఏదో కలిపారనుకోవచ్చు. ఇందులో ఎవరు కూర్చున్నారు? స్పీడు గీత అటు లాగారు, అంతేగా. అరగంట లంచ్‌లో ఇరవై నిమిషాలు ఆ ఉడతే పాడింది. కుర్రాడికి చెబుదామనుకున్నాను. కెనడా వచ్చాక ముక్కూ మొహం తెలియనివాడికి ఏదైనా చెప్పే అలవాటు పోయింది. పెరుగన్నంలో ఊరమిరపకాయ కొరికి కోపం తీర్చుకున్నాను.

ఇంటికొచ్చేటప్పుడు సబ్‌వేలో మళ్ళీ లూ రీడ్‌ని పెట్టాను, తిట్టుకుందామనే. ఒకసారికి తిట్టాను. రెండోసారికి ఆ గిటారు బావుందేమో అనిపించింది. మూడోసారికి నా కాలు ఆడుతోంది. ఎదురుగా కూర్చున్నావిడ నా బూటు వైపు చూసింది.

అప్పుడు దొరికింది అసలు సంగతి. అదే బ్యాండు 1969లో స్టేజీ మీద ఈ పాటని నెమ్మదిగా పాడింది, ఇంకొన్ని లైన్లతో. 1970 ఆల్బంలో ఆ లైన్లు కోసేశారు. కౌబాయ్ జంకీస్ తీసుకున్నది ఆ నెమ్మది పాటని, ఆ లైన్లతో సహా. అంటే కవర్ పాతదానికి దగ్గర, ఒరిజినల్ అనుకున్నదేమో దూరం. సబ్‌వేలోంచే చిన్నదానికి ఇంత పొడవు మెసేజ్ పెట్టాను. జవాబు ఒక్క అక్షరం. 'కె'.

ఇంతా కనిపెట్టాక గెలిచినట్టుండాలి కదా. లేదు. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ ఫిబ్రవరిలో వాంకూవర్ ఒలింపిక్స్ ప్రారంభం, పైన ఇంటాయన వాళ్ళ టీవీలో చూశాను. కె.డి. లాంగ్ హల్లెలూయా పాడుతుంటే ఆయన భార్య టీ కప్పు అలాగే పట్టుకుని ఉండిపోయింది. అది లాంగ్ పాటే అనుకుని ఏడాదిపాటు తిరిగాను. అది మాంట్రియల్ మనిషి లెనర్డ్ కోహెన్‌ది, 1984. ఆ ఆల్బంని అమెరికాలో విడుదల చేయడానికి ఆయన కంపెనీయే ఒప్పుకోలేదు. ఆ పాట ఊరూరా తెలిసింది వేరేవాళ్ళు పాడాకే. ఆ జనవరిలోనే హైతీలో భూకంపం. మార్చిలో కెనడా గాయకులు ఒక గుంపుగా చేరి వేవిన్ ఫ్లాగ్ పాడారు, విరాళాల కోసం. వేర్‌హౌస్ రేడియోలో గంటకోసారి అదే. అది కొత్త పాట కాదు, సోమాలియా నుంచి వచ్చిన కెనాన్ అంతకు ముందు ఏడాదే తన ఆల్బంలో పాడుకున్న పాట, యుద్ధం సంగతి ఉన్న పాట. జూన్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి కూల్‌డ్రింక్ కంపెనీ దాన్నే మళ్ళీ మిక్స్ చేయించింది. యుద్ధం పోయింది, పండగ వచ్చింది. తెనాలికి ఫోన్ చేస్తే వెనకాల మా తమ్ముడి కొడుకు ఓ ఓ అంటూ అదే ఎత్తుకుంటున్నాడు. కాలింగ్ కార్డు నిమిషాలు అయిపోతున్నా వాణ్ణి ఆపమనలేదు.

కెనాన్‌కి ఆ రీమిక్స్ నచ్చిందో లేదో గానీ నాకు నచ్చింది. మగధీర హాల్లో ముఖం మాడ్చుకున్న నాకే. ఏడాది కూడా తిరక్కుండా.

సరే, స్వీట్ జేన్ వద్దంది కదా, మరి ఏం పాడుతుందో మీకు చెప్పలేదు. ఆర్చీ, మ్యారీ మీ. ఆల్వేస్ అనే టొరంటో బ్యాండు, పేరులో డబ్ల్యూ బదులు రెండు 'వి'లు ఉంటాయి, 2014 పాట. ఎన్నేళ్ళే నీకు, పదహారు! ఇంటర్ వయసుకి పెళ్ళి చేసుకోమని స్టేజీ ఎక్కి అడగడమేంటి, అక్కడ మన తెలుగువాళ్ళు నాలుగు కుటుంబాలున్నాయి. పాట మొత్తం విన్నాను. ఆ అబ్బాయికి పెళ్ళంటేనే పడదట, చదువు అప్పులున్నాయట. ముందు అప్పులు తీర్చమనాలి గానీ. "నాన్నా, అది సెటైర్" అంది. సెటైరే కావచ్చు, వీడియో తీసి తెనాలి పంపితే మా అమ్మకి ఎవరు చెబుతారు సెటైరని? దీని మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. అది కూడా కవరే కదా అని పొడిచాను. "అవును, కానీ ఒక్క కవరే" అంది. లెక్కలు బాగానే వస్తాయి.

ఇప్పుడు అదే ప్రాక్టీసు. కోట్లు తగిలించే క్లోజెట్‌లో కూర్చుంది, చుట్టూ చలికోట్లుంటే గొంతు మెత్తగా వస్తుందట. ఇందాక తలుపు సందులోంచి చూశాను. నా స్నో బూటులో ఫోన్ నిలబెట్టింది, అదే మైకు. గిటారు మోగించి, ఎక్కువైందని కాబోలు, మోకాళ్ళ మీద ఒక జానెడు వెనక్కి జరిగింది. మళ్ళీ మోగించింది. ఆ బ్యాండు పాడినంత వేగంగా పాడటం లేదు, బాగా నెమ్మదిగా పాడుతోంది. ఎందుకలా అని అడగలేదు. అడిగితే మానేస్తుంది.

ఈ టపా మొదలుపెట్టేటప్పుడు బయటికొచ్చి, "నాన్నా, ఫ్రిజ్ మోత రికార్డ్ అవుతోంది, పది నిమిషాలు ఆపవా" అంది. ప్లగ్ పీకేశాను. ఇప్పటికి యాభై నిమిషాలైంది, అదింకా రెండో చరణంలోనే ఉంది. లోపల రేపటి ఇడ్లీ పిండి, మా ఆవిడ పొద్దున తోడుపెట్టిన పెరుగు ఉన్నాయి. మా ఆవిడ పడుకుంది.