ఉదయగిరి కొండ మీద పిల్లిపీచర

నిన్న మామయ్యతో ఉదయగిరి కొండ ఎక్కాను. దారి పక్క పొదలో ఒక ముళ్ల తీగ చొక్కాకి పట్టుకుంది. "పిల్లిపీచర రా, మెల్లగా విడిపించుకో" అన్నాడు మామయ్య. ఆయుర్వేద మందుల్లో దుంపలు వాడే శతావరి ఇదే. బీఎస్సీ బోటనీలో మూడేళ్లు ఆ పేరు రాశాను కానీ, మొక్కను చేత్తో తాకింది నిన్నే.

సూదుల్లా సన్నగా కనిపించే ఆ పచ్చటివి ఆకులు కావు, కాండం కొమ్మలే. అసలు ఆకులు చిన్న పొలుసుల్లానో, చొక్కాకి గుచ్చుకున్న ఆ ముళ్లలానో మారిపోయాయి. మామయ్యకి చూపిస్తే రెండు నిమిషాలు వంగి చూస్తూనే ఉన్నాడు.

సూపర్ మార్కెట్లో దొరికే ఆస్పరాగస్ అనే కూరగాయ దీనికి దగ్గరి చుట్టం. అందులో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. 2017లో దాని జన్యుక్రమం బయటపెట్టిన శాస్త్రవేత్తలు మగ మొక్కల్లో ఉండే వై క్రోమోజోమ్ మీద రెండు జన్యువులను పట్టుకున్నారు. ఒకటి పువ్వులో ఆడ భాగాన్ని పెరగనివ్వదు, రెండోది పుప్పొడికి అవసరం. కొత్త వర్గీకరణ ప్రకారం మన చేలగట్ల కిత్తనార కూడా ఇప్పుడు ఇదే కుటుంబం!

కిందికి దిగుతుంటే ఒకచోట గుంత కనిపించింది. ఎవరో దుంపల కోసం మొక్కను మొదలుతో సహా పెకలించుకుపోయారు. చాలా బాధేసింది. మొదలు వదిలి కొన్ని దుంపలే తీసుకుంటే అది మళ్లీ చిగురించేది. మామయ్య ఆ గుంతను కాలితో పూడ్చాడు. పక్క పొదలో ఎర్రటి పండ్లు నాలుగు రాలి ఉంటే తెచ్చాను. కుండీలో వేశాను.